పల్ప్ ఫ్యాక్టరీకి వాట్సాప్ ఒకటే చాల్లేదు: చిత్తూరు దగ్గర ఒక టీమ్‌కి టూల్స్ సెట్ చేసిన కేస్ స్టడీ

ఈ కేసు చిత్తూరుకి దగ్గర్లో ఉండే ఒక మ్యాంగో పల్ప్ ఫ్యాక్టరీది. పేరు చెప్పను, వాళ్ళు వద్దన్నారు, ఆ లైన్లో పోటీ అట్లాంటిది. నేను తిరుపతిలో ఉంటా, చిన్న కంపెనీలకి మెయిల్, ఫైళ్ళు, మీటింగులు, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో కనపడే బోర్డులు, ఇట్లాంటివి పెట్టిస్తుంటా. మామూలుగా నా దగ్గరికొచ్చేది సీఏ ఆఫీసులు, మెడికల్ కోడింగ్ వాళ్ళు, చిన్న సాఫ్ట్‌వేర్ టీములు, అంటే అందరూ కంప్యూటర్ ముందర కూచునే బ్యాచ్. ఇక్కడ మాత్రం సగం మంది గమ్‌బూట్లేసుకోని స్టీల్ ట్యాంకుల మధ్య తిరుగుతా ఉంటారు, మిగతా సగం ఫ్యాక్టరీ మొహం నెలకొకసారి చూస్తే ఎక్కువ. హైబ్రిడ్ టీమ్ అంటే మూడ్రోజులు ఆఫీసు రెండ్రోజులు ఇల్లు అనుకునేవాళ్ళు ఒకసారి ఈ టీమ్‌ని చూడాల.

ఎవరెవరు ఎక్కడున్నారో చెప్తే మీకే అర్థమైపోతుంది. ఓనరు, అకౌంట్స్ వాళ్ళు తిరుపతి ఆఫీసులో. ప్లాంట్, సరుకు నాణ్యత చూసే క్యూసీ ల్యాబ్, స్టోర్స్, బండ్లు తూచే వే బ్రిడ్జి చిత్తూరు వైపు. ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూసే మేడం పుత్తూరులో ఇంటి నుంచే చేస్తుంది, చిన్న పిల్లలున్నారు, ఆమె లేకపోతే ఒక్క కంటైనర్ కదలదు. ఓనరు కూతురు బెంగళూరులో ఉంటుంది, ఫారిన్ బయ్యర్లతో మాట్లాడేది ఆ అమ్మాయే. క్లియరింగ్ ఏజెంటు చెన్నైలో. దామలచెరువు, బంగారుపాళెం ర్యాంపుల దగ్గర, అంటే రైతులు కాయ తెచ్చి అమ్మే చోట, కాయ కొనే మనుషులు వేరే. ఇవి కాక సీజన్ మొదలయ్యేసరికి షిఫ్ట్ ఇన్‌ఛార్జులు, ల్యాబ్ పిల్లోళ్ళు కొత్తగా చేరి, తోతాపురి (పల్ప్ పట్టే మామిడి రకం) అయిపోగానే వెళ్ళిపోతారు. అంటే ఏడాదికోసారి టీమ్‌లో సగం కొత్త మొహాలే.

అన్నీ వాట్సాప్‌లోనే నడిచేవి. గ్రూపుల పేర్లు చదివి నవ్వాపుకోలేకపోయాను, ‘ఫ్యాక్టరీ’, ‘ఫ్యాక్టరీ న్యూ’, ‘ఫ్యాక్టరీ న్యూ ఓన్లీ స్టాఫ్’, ‘లోడింగ్ అర్జెంట్’, అర్జెంట్ గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ వెంకన్న ఫోటోలు. ఓనరేమో ప్రతి గ్రూపులోనూ ఉంటాడు, కాబట్టి ఆయనకి అంతా బాగానే నడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఏ గ్రూపులో లేనోడి కష్టం ఆయనకెట్ల తెలుస్తుంది?

నన్ను పిలిపించిన సంఘటన ఇది. యూరప్ బయ్యర్ ఒకాయన తన స్పెక్, అంటే సరుకు ఎట్లుండాలో చెప్పే కొలతల కాగితం, మార్చి పంపించినాడు, తోతాపురి పల్ప్ బ్రిక్స్ కనీసం 14 ఉన్నది ఈసారి 15 కావాలన్నాడు. బ్రిక్స్ అంటే పల్ప్‌లో తీపి లెక్క అనుకోండి, సీజన్ మొదట్లో వచ్చే కాయకి 15 తేవడం అంత ఈజీ కాదు, కాయ ఏరుకోవాల, మాగబెట్టాల. కొత్త స్పెక్ పీడీఎఫ్ బెంగళూరు అమ్మాయికి మెయిల్‌లో వచ్చింది, ఆమె నాన్నకి వాట్సాప్ చేసింది, ఆయన ‘ఫ్యాక్టరీ న్యూ’లో ఫార్వర్డ్ చేసినాడు, క్యూసీ ఇన్‌ఛార్జి బ్లూ టిక్ పెట్టి ఓకే సార్ అన్నాడు. ఆ రాత్రి షిఫ్ట్‌లో ఉన్న పిల్లోడు ఆ గ్రూపులో లేడు. ల్యాబ్ గోడకి పాత స్పెక్ ప్రింటవుట్ అతికించి ఉంది, లామినేషన్ కూడా చేసి, వాడు దాన్ని చూసి పాస్ చేసినాడు. తెల్లారేసరికి డ్రమ్ములు నిండినాయి. సరుకు పాడవలేదు, వేరే బయ్యర్‌కి పోయింది, కానీ ఆ కంటైనర్ లేటయ్యింది, రేటు కూడా తగ్గింది. తప్పెవరిదని వారం రోజులు పంచాయితీ. నా లెక్కలో ఎవరిదీ కాదు. అందరూ చెప్పాల్సింది చెప్పినారు, చూడాల్సింది చూసినారు, కాకపోతే గోడమీద కాగితానికి ఫార్వర్డ్ పోదు కదా.

టూల్ ఏది కొనాలని అడిగితే నేను ముందు ఒక నోట్‌బుక్ ఇచ్చి ఒక పని చేయించినా. తిరుపతి ఆఫీసులో, ల్యాబ్‌లో, పుత్తూరు మేడం దగ్గర, ఒకళ్ళు ఇంకొకరికి ‘ఇది ఎంతవరకొచ్చింది’, ‘ఆ ఫైల్ ఏది’, ‘నిన్న ఏమనుకున్నాం’ అని ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక లైను రాయమన్నా. ఎందుకు చేసినారు, ఎవరికి చేసినారు, అంతే. రాసిన పేజీలు తిరగేస్తే కథ మొత్తం బయటపడింది. మేడం ఎక్కువగా చేసేది స్టోర్స్‌కి, డ్రమ్ములు రెడీనా అని. అకౌంట్స్ ఎక్కువగా చేసేది వే బ్రిడ్జికి, ఫలానా బండి తూకం ఎంత అని. ల్యాబ్‌కి అందరూ చేస్తారు, లాట్ (ఒక విడతలో పట్టిన సరుకు) రిపోర్ట్ కోసం. ఓనరుకి అందరూ చేస్తారు, ఏదో ఒకటి ఖాయం చేయమని. అన్నీ పనికొచ్చే ఫోన్లే, కానీ ఒక్కటి కూడా నిజంగా మాట్లాడాల్సిన ఫోన్ కాదు. చూసుకుంటే అయిపోయేవి.

దాంతో మాకు కొలత దొరికింది. టూల్‌లో ఎన్ని ఫీచర్లు ఉన్నాయని చూళ్ళేదు. రాత్రి షిఫ్ట్ నుంచి లేచినోడు గానీ, ఇంట్లో కూచున్న మేడం గానీ, ఎవరికీ ఫోన్ చేయకుండా నిన్న ఏం జరిగిందో తెలుసుకోగలరా లేదా, అదొక్కటే. తెలుసుకోగలిగితే ఆ టూల్ పాస్, లేకపోతే ఎంత పెద్ద కంపెనీది అయినా వద్దు.

నాకంటే ముందు ఒకాయన వచ్చి 2024 సీజన్‌కి స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్ పెట్టించి పోయినాడంట. ఫ్రీ ప్లాన్. నేను పోయేసరికి అందులో చివరి మెసేజ్ ‘హలో టెస్టింగ్’. స్లాక్ చెడ్డదేం కాదు, సాఫ్ట్‌వేర్ టీములకి నేనే పెట్టిస్తా. కానీ ఈ వ్యాపారానికి ఫ్రీ స్లాక్ ఎందుకు కుదరదో చూడండి. ఫ్రీ ప్లాన్‌లో 90 రోజుల వెనకటి మెసేజులు కనపడవు, ఏడాది దాటినవి అసలు డిలీటే చేసేస్తున్నారు, ఈ డిలీట్ రూలు 2024 ఆగస్టు నుంచి. ఇక్కడ పల్ప్ పట్టేది జూన్ జులైలో. ఎసెప్టిక్ బ్యాగ్‌లో, అంటే క్రిములు లేకుండా చేసిన సంచిలో, పెట్టి డ్రమ్ములో సీల్ చేసిన పల్ప్ మామూలు వాతావరణంలోనే ఏడాదిన్నర దాకా నిలవుంటుంది, బయ్యర్ దాన్ని ఎప్పుడు తెరుస్తాడో వాడిష్టం. జనవరిలో తెరిచి ‘ఈ లాట్ రంగు తేడాగా ఉంది, రికార్డులు పంపండి’ అంటాడు. అప్పటికి జూన్ మెసేజులు ఎక్కడున్నాయి? అంటే కంప్లయింట్ వచ్చే టైముకి సరిగ్గా జవాబు మాయమైపోయే టూల్ అన్నమాట. ఫ్రీ ప్లాన్ చూసేటప్పుడు ఎంతమంది వాడొచ్చు అని చూస్తారు గానీ ఎన్నాళ్ళు దాచిపెడతాడు అని చాలామంది చూడరు.

వాట్సాప్‌ది ఇంకో రకం జబ్బు. అక్కడ మెసేజులు పోవు, ఫోన్లు పోతాయి. ఉద్యోగం మానేసినోడి ఫోన్లో బయ్యర్‌తో జరిగిన మాటలు, ఫోటోలు వాడితోనే పోతాయి. గ్రూపులో వచ్చిన పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోకుండా కొన్నాళ్ళు వదిలేస్తే మళ్ళీ అడిగి పంపించుకోవాల్సిందే. వాయిస్ మెసేజులు అయితే చెప్పక్కర్లేదు, ఓనరు రెండు నిమిషాల వాయిస్ పెడతాడు, అందులో మొదటి నిమిషం ఇంకేదో విషయం, అసలు నంబరు చివర్లో వస్తుంది, దాన్ని తర్వాత వెతికి పట్టుకోవడం దేవుడి తరం కూడా కాదు.

అయినా వాట్సాప్ తీసేయండి అని నేను అనలేదు, అనను కూడా. ర్యాంపు దగ్గర నిలబడి కాయ చూసి ఫోటో పెట్టేవాడు ఇంకో యాప్ తెరవడు. లారీ డ్రైవర్ అసలే తెరవడు. గుడియాత్తం వైపు నుంచి వచ్చే వాళ్ళు అరవం తెలుగు కలిపి వాయిస్‌లో చెప్తారు, అది బాగానే నడుస్తోంది, నడవనీ. మేము గీసిన గీత ఒక్కటే: మాట వాట్సాప్‌లో ఉండొచ్చు, అంకె మాత్రం వాట్సాప్‌లో ఉండకూడదు. తూకం, బ్రిక్స్, డ్రమ్ముల లెక్క, తేదీ, రేటు, ఏదైనా సరే, అంకె అయితే దానికి ఇంకో చోట ఇల్లుండాల.

ఆ ఇల్లు దేంట్లో కట్టాలి అన్నదానికి మూడు పేర్లు వచ్చినాయి. ఓనరుకి జోహో ఇష్టం, ‘మన రేణిగుంటలోనే ఆఫీసుంది కదబ్బా, మనోళ్ళకే ఇద్దాం’ అన్నాడు. నాకు కూడా అభ్యంతరం లేదు, జోహోలో మెయిల్, ఫైళ్ళకి వర్క్‌డ్రైవ్, చాట్‌కి క్లిక్ అన్నీ ఉన్నాయి, ఇట్లాంటి టీమ్‌కి సరిపోతాయి. అకౌంటెంట్ మైక్రోసాఫ్ట్ టీమ్స్ అన్నాడు, ఆడిటర్ ఆఫీసులో అదే వాడతారని. టీమ్స్ నేను ముందే పక్కన పెట్టినా, స్టోర్స్‌లో ఉన్న ముసలి డెస్క్‌టాప్ మీద తెరిస్తే దాని ఫ్యాన్ హెలికాప్టర్ మాదిరి అరిచింది. చివరికి గూగుల్ వర్క్‌స్పేస్ (గూగుల్ మెయిల్, డ్రైవ్, షీట్స్ కంపెనీలకి ఇచ్చే ప్యాకేజీ) తీసుకున్నాం, కారణం చాలా సాదా: మేడం, అకౌంట్స్, బెంగళూరు అమ్మాయి, ముగ్గురూ అప్పటికే గూగుల్ షీట్స్‌లో బతుకుతున్నారు, సొంత జీమెయిల్స్‌తో. కొత్తగా నేర్పేది తక్కువ. జోహో అయినా ఇదే కథ ఇట్లానే నడిచేది అని నా నమ్మకం, ఎవరైనా ‘ఇది తప్ప వేరేది పనికిరాదు’ అని చెప్తే వాళ్ళకి కమిషన్ ఎంతో అడగండి.

ప్లాన్ విషయంలో మాత్రం కొంచెం తల పట్టుకున్నాం. బిజినెస్ స్టార్టర్‌లో మనిషికి 30 జీబీ, స్టాండర్డ్‌లో 2 టీబీ. స్టోరేజ్ కోసం కాదు, షేర్డ్ డ్రైవ్ కోసం స్టాండర్డ్‌కి పోయినాం. మామూలు డ్రైవ్‌లో ఫైల్ ఎవరు చేస్తే వాళ్ళ సొంతం, వాళ్ళు పోతే ఆ ఫైల్ గతి ఏందో చూసుకోవాల, షేర్డ్ డ్రైవ్‌లో పెడితే ఫైల్ కంపెనీది, మనుషులు వస్తారు పోతారు. సీజన్ మనుషులు ఎక్కువ ఉండే చోట ఇది లేకుండా చేయొద్దు. ఇంకొకటి, ఏడాది కాంట్రాక్ట్ తీసుకుంటే తలకి కొంచెం చౌక, కానీ ఫ్లెక్సిబుల్ ప్లాన్‌లో నెలనెలా మనుషుల్ని కలపొచ్చు తీసేయొచ్చు. మే నెలలో పదిమంది చేరి ఆగస్టులో వెళ్ళిపోయే చోట ఏడాది కాంట్రాక్ట్ తీసుకుంటే మిగతా నెలలన్నీ ఖాళీ కుర్చీలకి జీతమిచ్చినట్టే. లైన్లో కాయ కోసే ఆడోళ్ళకి, లోడింగ్ వాళ్ళకి అకౌంట్లు ఇవ్వలేదు, అక్కర్లేదు. ఎవరు అంకె రాస్తారో వాళ్ళకే అకౌంట్.

మొదట చేసిన పని మెయిల్. కంపెనీ మెయిల్ ఒక ఉచిత జీమెయిల్, పాస్‌వర్డ్ నలుగురికి తెలుసు, రికవరీ ఫోన్ నంబర్ చూస్తే ఎప్పుడో మానేసిన మేనేజర్‌ది. ఓటీపీ కావాలంటే ఆయనకి ఫోన్ చేసి, బాగున్నావా అన్నా అని పలకరించి తీసుకునేవాళ్ళు. కోట్ల రూపాయల ఎగుమతి వ్యాపారం ఆ పలకరింపు మీద నడుస్తోంది. సొంత డొమైన్ మీద మెయిళ్ళు పెట్టి, టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పనిసరి చేసి, పాత మెయిల్‌కి వచ్చేవన్నీ కొత్తదానికి మళ్ళించినాం. బయ్యర్ల ఇన్‌వాయిస్‌ల్లో బ్యాంకు అకౌంట్ నంబరు మార్చి డబ్బు కొట్టేసే మోసాలు ఎగుమతిదారులకి కొత్త కాదు, కాబట్టి ఈ ముక్కకి నేను అసలు బేరం ఆడనివ్వలేదు.

రెండోది ఆ గోడ. పాత స్పెక్ ప్రింటవుట్ పీకేసి, దాని చోట ఒక క్యూఆర్ కోడ్ అతికించినాం. స్కాన్ చేస్తే షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న ఒకే ఒక్క షీట్ తెరుచుకుంటుంది, బయ్యర్‌కి ఒక లైను: బ్రిక్స్, ఆసిడిటీ, పీహెచ్, చిక్కదనం, లేబుల్ మీద ఏం రాయాలి. మార్చే హక్కు బెంగళూరు అమ్మాయికి, క్యూసీ హెడ్‌కి మాత్రమే, మిగతా అందరూ చూడటం వరకే. పీడీఎఫ్ పంపొద్దు, లింక్ పంపండి, ఇది మేము పెట్టుకున్న రూల్స్‌లో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ఎక్కువ పని చేసింది కూడా ఇదే. పీడీఎఫ్ పంపిన నిమిషం నుంచి అది పాతబడతా ఉంటుంది, లింక్ అట్ల కాదు. ఎవరు ఎప్పుడు ఏ గడి మార్చినారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది కాబట్టి ఎఫ్ఎస్ఎస్‌సీ 22000 అనే ఆహార భద్రత సర్టిఫికెట్ ఆడిట్‌కి వచ్చినాయన అడిగినప్పుడు కూడా అదే చూపించినారు.

ల్యాబ్ ఎంట్రీలకి మొదట గూగుల్ ఫారం అనుకున్నాం. కుదర్లేదు, ఎందుకంటే ఎసెప్టిక్ సెక్షన్లో సిగ్నల్ రాదు, చుట్టూ స్టీలు, పఫ్ ప్యానెల్ గోడలు, ఫారం నింపి సబ్మిట్ కొడితే గుండ్రంగా తిరుగుతానే ఉంటుంది. షీట్ నుంచి ఫోన్ యాప్ తయారుచేసే గూగుల్ యాప్‌షీట్ తీసుకున్నాం, మా ప్లాన్‌తో పాటే వచ్చింది, వేరే డబ్బు కట్టలేదు. నెట్ లేకపోయినా నమోదు చేసుకుని, సిగ్నల్ తగిలినప్పుడు షీట్‌లోకి పంపిస్తుంది. స్క్రీన్ మీద మొత్తం తెలుగే పెట్టినా: ‘లాట్ నంబరు’, ‘ఏ ర్యాంపు కాయ’, ‘బ్రిక్స్’, ‘పాసా ఫెయిలా’, ‘ఫెయిలైతే ఏం చేసినారు’. ఆ చివరి ప్రశ్న క్యూసీ హెడ్ పెట్టించింది, ముప్పై ఏళ్ళ అనుభవం ఆయనది, నాకు తట్టేది కాదు. బయ్యర్ ఎంచుకుంటే వాడి కనీస బ్రిక్స్ స్పెక్ షీట్ నుంచి దానంతటదే వస్తుంది, ఎంట్రీ అంతకంటే తక్కువైతే ఎర్రగా చూపించి సేవ్ కానివ్వదు, కారణం రాస్తే తప్ప.

ఒక్క ట్యాబ్ కొని అందరూ ఒకే అకౌంట్ వాడతామన్నారు, ఖర్చు తగ్గుతుందని. అది ఒప్పుకోలేదు. నలుగురు ఒకే అకౌంట్ వాడితే ఎవరు రాసినారో తెలీదు, మళ్ళీ ఆ పంచాయితీయే వస్తుంది. ముగ్గురు షిఫ్ట్ ఇన్‌ఛార్జులకి, ల్యాబ్‌లో వాళ్ళకి ఎవరిది వాళ్ళకే. క్యూసీ హెడ్ మాత్రం తన గళ్ళ నోట్‌బుక్ వదలనన్నాడు. ‘మిషను పోతే నీ యాప్ ఏమిస్తాది నాయనా, ఇది కాగితం, తడిసినా ఆరబెట్టుకుంటా’ అన్నాడు. సరే ఉంచుకోండి సార్ అన్నా, సంతకం ఉన్న కాగితానికి ఆడిట్‌లో విలువ ఉంది, నిజం చెప్పాలంటే. షిఫ్ట్ అయిపోయాక ఆ పేజీ ఫోటో తీసి అదే యాప్‌లో ఆ లాట్‌కి తగిలించమన్నాం. ఆయన నోట్‌బుక్ బతికింది, పుత్తూరు మేడానికి రికార్డు దొరికింది.

ఆ మేడం దగ్గరికే వస్తున్నా. ఒక ఇరవై అడుగుల కంటైనర్‌కి 80 డ్రమ్ములు, డ్రమ్ముకి 215 కిలోలు, మొత్తం 17.2 టన్నులు. దానికి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ల్యాబ్ ఇచ్చే అనాలిసిస్ సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, షిప్పింగ్ బిల్, బీఎల్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) డ్రాఫ్ట్, బీఎల్ ఫైనల్. ఒక టైములో ఆరేడు కంటైనర్లు వేర్వేరు దశల్లో ఉంటాయి, అవన్నీ ఆమె తలలో ఉండేవి. ఆమెకి జ్వరం వస్తే కంపెనీకి జ్వరం వచ్చినట్టు. దీనికి ట్రెల్లో పెట్టినాం, ఏ పని ఎంతవరకొచ్చిందో కార్డుల్లో చూపించే బోర్డు. కంటైనర్‌కి ఒక కార్డు, కార్డులో కాగితాల చెక్‌లిస్ట్, ఎడమ నుంచి కుడికి కాలమ్స్: ఆర్డర్ ఖాయం, డ్రమ్ములు రెడీ, స్టఫింగ్ (కంటైనర్‌లోకి ఎక్కించడం), పోర్టులో, బీఎల్ డ్రాఫ్ట్, డబ్బులు రావాల. స్టోర్స్ అతను చేసేది ఒకటే పని, 80 డ్రమ్ములు లెక్క తేలగానే కార్డుని రెండో కాలమ్‌లోకి జరపడం. వాడేది అయిదారుగురే కాబట్టి ఫ్రీ ప్లాన్ చాలు, అందులో పదిమంది దాకా, పది బోర్డుల దాకా ఓకే.

చెన్నై ఏజెంట్ ట్రెల్లోకి రానే రానన్నాడు. ఆయనకి యాభై మంది క్లయింట్లుంటారు, ఒక్కొక్కరి యాప్ ఒక్కొక్కటి తెరుస్తా కూచుంటే ఆయన కంటైనర్లు ఎవరు చూస్తారు, న్యాయమే. ట్రెల్లోలో ప్రతి కార్డుకి ఒక మెయిల్ అడ్రస్ ఉంటుంది, ఏజెంట్ నుంచి వచ్చిన మెయిల్‌ని మేడం ఆ అడ్రస్‌కి ఫార్వర్డ్ చేస్తే అటాచ్‌మెంట్‌తో సహా కార్డులో కామెంట్‌గా పడుతుంది. బయటివాళ్ళని మన టూల్‌లోకి లాగాలని చూడొద్దు, వాళ్ళ మెయిల్‌నే మన టూల్‌లోకి లాక్కోండి.

మీటింగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫ్రీ జూమ్‌లో బయ్యర్‌తో మాట్లాడుతుంటే 40 నిమిషాలకి కట్ అయ్యేది, ఇప్పుడు గూగుల్ మీట్‌లో ఆ బాధ లేదు. సీజన్లో రోజువారీ మీటింగులు పెట్టొద్దని గట్టిగా చెప్పినా, షిఫ్ట్ మారేటప్పుడు ఇన్‌ఛార్జి యాప్‌లో నాలుగు లైన్ల అప్పగింత రాస్తే చాలు. ఒక్క చిన్న విషయం మాత్రం ఎగుమతి వాళ్ళందరికీ పనికొస్తుంది. నెదర్లాండ్స్ బయ్యర్‌కి ఉదయం 11 అంటే ఎండాకాలంలో మనకి మధ్యాహ్నం 2:30, అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పినాక 3:30. సౌదీ వాళ్ళు తిప్పరు, ఏడాది పొడుగూతా రెండున్నర గంటలే తేడా. ఇదంతా వాట్సాప్‌లో ‘రేపు 11కి’ అని రాసుకుంటే గోల, క్యాలెండర్ ఇన్వైట్ పంపితే ఎవరి టైము వాళ్ళకి కనిపిస్తుంది.

2025 సీజన్ ఎట్లాంటిదో ఈ జిల్లాలో వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాయ విపరీతంగా వచ్చింది, రేటు పడిపోయింది, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 కలిపి రైతుకి 12 అందేట్టు చూస్తామన్నారు, ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు, లారీలు బారులు తీరినాయి. మేము ఆఫీసు టీమ్ కోసం పెట్టుకున్న సెటప్ మీద అసలు బరువు అప్పుడు పడింది. టోకెన్ నంబర్ ఎంతవరకొచ్చిందని రైతులు వే బ్రిడ్జి నంబర్‌కి ఆపకుండా ఫోన్లు. అక్కడున్న అబ్బాయి తూకం వేయాలా ఫోనెత్తాలా? వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ వాళ్ళు ముందే వాడుతున్నారు, కానీ బ్రాడ్‌కాస్ట్ మన నంబర్ సేవ్ చేసుకున్నోళ్ళకే పోతుంది, పైగా ఒక లిస్టుకి 256 మందే. ఫ్యాక్టరీ నంబర్ సేవ్ చేసుకున్న రైతులెంతమంది? కమ్యూనిటీ పెట్టించినాం, అందులో అనౌన్స్‌మెంట్ గ్రూపులో అడ్మిన్లే రాస్తారు, రైతుల నంబర్లు ఒకరికొకరికి కనపడవు. గంటకొకసారి ఒకే లైను: ఇప్పుడు నడుస్తున్న టోకెన్ ఇంత, ఈ నంబర్ లోపలోళ్ళు బండి కదిలించండి. ఫోన్లు ఆగిపోయినాయని చెప్పను, కడుపు మండి ఉన్న మనిషి ఫోన్ చేస్తాడు, చేయాలి కూడా. కానీ టోకెన్ కోసం చేసేవి బాగా తగ్గినాయి.

అదే సమయంలో ఇంకొకటి బయటపడింది. డబ్బులు పడాలంటే రికార్డులో రైతు పేరు, బరువు, బ్యాంకు వివరాలు సరిగ్గా ఉండాల. ర్యాంపు మనుషులు ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు తీసి నేరుగా ‘లోడింగ్ అర్జెంట్’లో పడేస్తున్నారు. ఆ గ్రూపులో లారీ ఆఫీసు వాళ్ళు కూడా ఉన్నారు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, మన పాస్‌బుక్ ఫోటో ముక్కూ మొహం తెలియనోళ్ళ ఫోన్లో ఉంటే మనం ఊరుకుంటామా? యాప్‌షీట్‌లోనే ఇంకో స్క్రీన్ చేసి ఫోటో నేరుగా అకౌంట్స్ ఫోల్డర్‌లోకి పోయేట్టు పెట్టినాం, ఆ ఫోల్డర్ ఇద్దరికి తప్ప ఎవరికీ కనపడదు. గ్రూపులో పడినవి డిలీట్ చేయించినాం, దొరికినంతవరకు.

ఇదంతా చదివి అన్నీ సాఫీగా ఉన్నాయనుకోవద్దు. ఓనరు ఇప్పటికీ వాయిస్ మెసేజుల్లోనే ఆర్డర్లు ఖాయం చేస్తాడు, ఆయన కూతురు వాటిని విని కార్డులో టైప్ చేస్తుంది, ఆ పద్ధతి మారుతుందని నాకు ఆశ లేదు, ఆ అమ్మాయికి కూడా లేదు. అక్టోబర్‌లో అందరూ జోహో వాళ్ళ చాట్ యాప్ అరట్టై ఎక్కించుకుంటుంటే ‘సామీ, అందరం దాంట్లోకి మారిపోదామా’ అని ఫోన్ చేసినాడు. మారండి సార్, చాటింగ్‌కి ఏదైనా ఒకటే, అంకెలు మాత్రం కదిలించొద్దు అన్నా. అదే ఏడాది మే నెలలో స్కైప్ మూసేసినారు, ఆయనకి గల్ఫ్ బయ్యర్‌తో పాత మాటలన్నీ దాంట్లో ఉన్నాయి, కాబట్టి టూల్ మూతపడితే మన డేటా బయటికెట్ల తీసుకోవాలి అన్న ప్రశ్న ఆయనే అడగడం మొదలుపెట్టినాడు. షీట్లన్నీ నెలకొకసారి ఎక్సెల్‌గా దించి తిరుపతి ఆఫీసులో హార్డ్‌డిస్క్‌లో పెట్టుకుంటున్నారు, పాతకాలం పద్ధతే, బాగుంది.

చలికాలంలో ఒక బయ్యర్ నుంచి కంప్లయింట్ వచ్చింది, పల్ప్ చిక్కదనం తక్కువుందని, డ్రమ్ము నంబర్ ఫోటోతో. పుత్తూరులో మేడం ఆ నంబర్ షీట్‌లో కొడితే లాట్, షిఫ్ట్, ఏ ర్యాంపు కాయ, రీడింగులు, క్యూసీ హెడ్ నోట్‌బుక్ పేజీ ఫోటో అన్నీ వచ్చినాయి, బెంగళూరు అమ్మాయి మధ్యాహ్నానికల్లా జవాబు పంపింది. ఆ షిఫ్ట్ చేసిన అబ్బాయి అప్పటికి పనిలో లేడు, వాడికి ఎవరూ ఫోన్ చేయలేదు. బయ్యర్ ఒప్పుకున్నాడా లేదా అన్నది వేరే సంగతి, సగం దగ్గర బేరం తెగింది.

ఇట్లాంటి సీజన్ వ్యాపారాలకి టూల్స్ పెట్టించేవాళ్ళు మొదలుపెట్టడం మీద చూపే శ్రద్ధ మూసేయడం మీద చూపరు. మేము ఆగస్టుకి ఒక పేజీ రాసిపెట్టుకున్నాం: వెళ్ళిపోయే వాళ్ళ సొంత డ్రైవ్‌లో ఏమైనా ఉంటే షేర్డ్ డ్రైవ్‌లోకి మార్చాల, వాట్సాప్ గ్రూపుల్లోంచి తీసేయాల, ఫ్యాక్టరీ ట్యాబ్‌లో వాళ్ళ లాగిన్ తీసేయాల, ఆ తర్వాతే అకౌంట్ డిలీట్. వర్క్‌స్పేస్‌లో డిలీట్ చేసిన అకౌంట్‌ని 20 రోజుల లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత దాంట్లో ఉన్నవి పోయినట్టే, కాబట్టి డిలీట్ కొట్టిన రోజు తేదీ కూడా అదే పేజీలో రాస్తారు. ఈ పని అకౌంట్స్‌లో ఒకళ్ళకి అప్పగించినాం. వచ్చే సీజన్‌కి ర్యాంపుల దగ్గరే తూకం ఎంట్రీ పెట్టాలని చూస్తున్నాం, దామలచెరువులో ఒకచోట టెస్ట్ చేస్తున్నారు, బంగారుపాళెం వాళ్ళు ఇంకా బేరాల్లో ఉన్నారు.